వ్యాధికీ ఒక పటం

మీ సాంఘికశాస్త్ర పుస్తకంలో ఎన్నో పటాలు చూసి ఉంటారు. నేలలను తెలిపేవి కొన్ని, వర్షపాతాన్ని తెలిపేవి కొన్ని, ఏ పంట ఎక్కడ పండుతుందో చూపేవి కొన్ని. వ్యాధులకు కూడా ఇటువంటి పటాలు ఉన్నాయి. మలేరియా పటం గీస్తే దోమలు పెరిగే ప్రాంతాలు అందులో కనిపిస్తాయి. గాయిటర్ పటం గీస్తే నేలలో అయోడిన్ తక్కువగా ఉన్న కొండసీమలు కనిపిస్తాయి. ఇటువంటి పటం చూడగానే వ్యాధికి కారణం సగం తెలిసిపోతుంది.

కాని చూసిన కొద్దీ సందేహాలు పెంచే పటం ఒకటి ఉంది. అది ముక్కు వెనుక భాగంలో పుట్టే ఒక కాన్సర్ పటం. దక్షిణ చైనా, బోర్నియో దీవి, మంచు కప్పిన గ్రీన్లాండ్, ఎడారి అంచున ఉన్న ట్యునీషియా, మన దేశంలోని నాగాలాండ్ – ఈ పటంలో రంగు పడే చోట్లు ఇవి. వీటికి వాతావరణంలో గాని, భాషలో గాని, మతంలో గాని పోలిక లేదు. మరి ఒకే వ్యాధి ఇక్కడే ఎందుకు ఎక్కువగా ఉంది? మిగతా ప్రపంచమంతటా ఎందుకంత అరుదు? ఈ ప్రశ్న వెంట శాస్త్రజ్ఞులు అరవై ఏళ్లకు పైగా నడుస్తున్నారు. వారి వెంట మనమూ కొంత దూరం వెళదాం.

ముందుగా శరీరంలో ఆ చోటు ఎక్కడ ఉందో తెలుసుకోవాలి. అద్దం ముందు నోరు తెరిస్తే కొండనాలుక వేలాడుతూ కనిపిస్తుంది. దానికి పైన, అంగిలికి అవతల, ముక్కు రంధ్రాలు రెండూ వెనక్కి పోయి కలిసే చోట చిన్న గది వంటి ఖాళీ ఉంది. ముక్కుతో పీల్చిన గాలి ఈ గదిలో నుండే గొంతులోకి దిగుతుంది. దీనిని నాసాగ్రసని అంటారు. నాస అంటే ముక్కు. గ్రసించడం అంటే మింగడం. ఈ గది పక్కగోడలలో కుడివైపు ఒకటి, ఎడమవైపు ఒకటి సన్నని నాళాలు తెరుచుకుంటాయి. ఇవి మధ్యచెవికి పోయే యూస్టేషియన్ నాళాలు. బస్సు ఘాట్ రోడ్డు ఎక్కుతున్నప్పుడు చెవులు మూసుకుపోవడం, గుటక వేయగానే టప్పున తెరుచుకోవడం మీలో చాలామందికి అనుభవమే. అప్పుడు తెరుచుకునేవి ఈ నాళాల నోళ్లే.

ఆ నాళం నోటి వెనుక ఒక లోతైన మడత ఉంది. నాసాగ్రసని కాన్సర్ ఎక్కువగా పుట్టేది ఆ మడతలోనే. అది కంటికి కనపడదు, చేతికి తగలదు, మొదట్లో నొప్పి కూడా పెట్టదు. కణితి పెరిగి నాళానికి అడ్డుపడినప్పుడు ఒక చెవి దిబ్బళ్లు పడినట్లు అవుతుంది. చెవిలో నీరు పోయిందని రోగి అనుకుంటాడు. ముక్కు చీదినప్పుడు నెత్తుటి చార కనిపిస్తుంది. వేడి చేసిందని మజ్జిగ తాగి ఊరుకుంటాడు. ఒక పక్క ముక్కు బిగుసుకుపోతే జలుబు అనుకుంటాడు. చాలామంది వైద్యుని దగ్గరకు వెళ్లేది మెడలో నొప్పిలేని గడ్డ తేలిన తరువాతనే. అప్పటికే వ్యాధి పుట్టిన చోటు విడిచి మెడలోని గ్రంథులకు పాకి ఉంటుంది.

ఇందులో విచారించవలసిన విషయం ఒకటి ఉంది. ఈ కాన్సర్ రేడియేషన్ చికిత్సకు బాగా లొంగుతుంది. తొలి దశలో దొరికిన రోగులలో పదింట తొమ్మిదిమందికి తక్కువ కాకుండా ఐదేళ్ల తరువాత కూడా జీవించి ఉంటారు. ఆలస్యంగా దొరికినవారి విషయంలో ఆ ధీమా ఉండదు. కాబట్టి ఎవరికి రావచ్చునో ముందుగా తెలిస్తే ఎన్నో ప్రాణాలు నిలుస్తాయి. పటం గీయడం వెనుక ఉన్న అవసరం ఇదే.

ఇక ఒక వ్యాధి ఎక్కడ ఎక్కువో చెప్పడం పైకి కనిపించినంత సులభం కాదు. ఒక పట్టణంలో పదిమందికి, ఇంకొక పట్టణంలో ఇద్దరికి ఈ వ్యాధి వచ్చిందనుకోండి. మొదటి పట్టణంలోనే ఎక్కువ అని చెప్పవచ్చునా? మొదటి దానిలో పది లక్షల జనం, రెండవ దానిలో ఇరవై వేల జనం ఉంటే సంగతి తారుమారవుతుంది. లక్షకు లెక్కగడితే మొదటి పట్టణంలో ఒక్కరికి, రెండవ దానిలో పదిమందికి వచ్చినట్లు. అందుకే ఏడాదిలో లక్ష జనాభాకు కొత్తగా ఎంతమందికి వచ్చిందో లెక్కిస్తారు. ముసలివారు ఎక్కువగా ఉన్న దేశాన్ని, పిల్లలు ఎక్కువగా ఉన్న దేశంతో పోల్చేటప్పుడు ఆ వయస్సుల తేడాను కూడా సరిచేస్తారు.

ఈ లెక్కకు ఆసుపత్రి రికార్డు ఒక్కటే చాలదు. పెద్ద ఆసుపత్రికి పది జిల్లాల నుండి రోగులు వస్తారు. వారు ఏ ఊరివారో తేలనిదే ఏ ఊరి లెక్కా తేలదు. ఒక ప్రాంతంలో నివసించేవారిలో కాన్సర్ వచ్చిన ప్రతి ఒక్కరినీ, వారు ఏ ఆసుపత్రికి వెళ్లినా సరే, ఒకే పుస్తకంలోకి ఎక్కించాలి. ఈ ఏర్పాటును కాన్సర్ రిజిస్ట్రీ అంటారు. మన దేశంలో ఇటువంటి మొదటి రిజిస్ట్రీ 1963లో అప్పటి బొంబాయి నగరంలో ఏర్పడింది. 1980ల ఆరంభంలో భారత వైద్య పరిశోధన మండలి జాతీయ స్థాయిలో ఈ పని చేపట్టినప్పుడు బెంగుళూరు, మద్రాసు నగరాలు తొలి విడతలోనే అందులో చేరాయి. ఆసుపత్రి ఆసుపత్రికీ తిరిగి, దుమ్ము పట్టిన కాగితాలు తిరగేసి, పేరూ వయస్సూ ఊరూ రాసుకున్న ఉద్యోగుల ఓపిక లేకపోతే ఈ పటమూ లేదు, ఈ పాఠమూ లేదు.

అంతర్జాతీయ కాన్సర్ పరిశోధన సంస్థ ఇటువంటి లెక్కలన్నీ చేర్చి ప్రపంచ అంచనాలు ప్రకటిస్తుంది. 2022లో ప్రపంచం మొత్తం మీద కొత్తగా కాన్సర్ వచ్చినవారు దాదాపు రెండు కోట్లమంది. వారిలో నాసాగ్రసని కాన్సర్ వచ్చినవారు సుమారు 1,20,000 మంది. అంటే వేయిమందిలో ఆరుగురు. దీనివల్ల మరణించినవారు 73,000కు పైగా ఉన్నారు. స్త్రీలకంటే పురుషులలో ఇది రెండు మూడు రెట్లు ఎక్కువ. మొత్తం మీద చూస్తే అరుదైన వ్యాధి అనే చెప్పాలి. ఐరోపాలోను, అమెరికా ఖండాలలోను చాలా చోట్ల ఏడాదికి లక్షమందిలో ఒక్కరికి కూడా రాదు.

అయితే సగటు లెక్క నిజాన్ని కొంత దాచిపెడుతుంది. ఆ 1,20,000 మందిలో నూటికి డెబ్బై మందికి పైగా తూర్పు ఆసియా, ఆగ్నేయాసియా దేశాలవారే. ఒక్క చైనాలోనే దాదాపు సగం మంది ఉన్నారు. చైనా అని మొత్తం దేశం పేరు చెప్పినా సరికాదు. ఆ దేశపు ఉత్తర భాగంలో ఈ వ్యాధి తక్కువ. దక్షిణాన సముద్రతీరంలో ఉన్న గ్వాంగ్‌డాంగ్ రాష్ట్రంలో, దాని పొరుగున ఉన్న గ్వాంగ్షీలో, హాంకాంగ్‌లో చాలా ఎక్కువ. వ్యాధి తీవ్రంగా ఉన్న ఊళ్లలో పురుషులలో ఏడాదికి లక్షకు ఇరవై నుండి ముప్పై మంది వరకు దీని పాలబడుతూ వచ్చారు. అందుకే చైనీయులు దీనిని గ్వాంగ్‌డాంగ్ కాన్సర్ అని కూడా పిలిచేవారు. ఆ సీమలో కూడా కాంటొనీస్ భాష మాట్లాడేవారిలో ఎక్కువ. వారిలో కూడా, తరతరాలుగా పడవలే ఇళ్లుగా బతికిన జాలరులలో మరీ ఎక్కువ. ఈ చివరి సంగతిని గుర్తు పెట్టుకోండి. మళ్లీ దాని దగ్గరకు వస్తాము.

చైనా నుండి దక్షిణానికి వస్తే వియత్నాం, ఫిలిప్పీన్స్, మలేషియా, ఇండోనేషియా దేశాలలో ఒక మోస్తరుగా కనిపిస్తుంది. కాని బోర్నియో దీవిలోని సరావాక్ ప్రాంతంలో బిదయూ అనే స్థానిక జాతి పురుషులలో లక్షకు ముప్పైకి పైగా నమోదైంది. వీరు చైనీయులు కారు. భూగోళం పైకొసన గ్రీన్లాండ్, అలాస్కాలలో నివసించే ఇన్యుయిట్ ప్రజలలో కూడా ఈ వ్యాధి ఎక్కువ. ఉత్తర ఆఫ్రికాలోని ట్యునీషియా, అల్జీరియా, మొరాకోలలో ఇది మధ్యస్థంగా ఉంది. అక్కడ ఒక వింత కనిపిస్తుంది. ఈ వ్యాధి సామాన్యంగా నడివయసువారికి వస్తుంది. ఉత్తర ఆఫ్రికాలో నడివయసుతో పాటు పదిహేను ఇరవై ఏళ్ల పిల్లలలో కూడా చెప్పుకోదగినంతగా ఉంది.

మన దేశంలో దక్షిణాది, పడమటి రిజిస్ట్రీలలో ఎక్కడ చూసినా లక్షకు ఒకటి కంటే తక్కువే. అందుచేత మీలో చాలామంది ఈ వ్యాధి పేరు ఇంతవరకు విని ఉండరు. ఈశాన్యానికి వెళితే లెక్క మారిపోతుంది. నాగాలాండ్ పురుషులలో లక్షకు దాదాపు ఇరవై మంది. ఇది దక్షిణ చైనా లెక్కలతో పోల్చదగినది. మణిపూర్, మిజోరంలలో అంత కాకపోయినా తక్కిన దేశం కంటే ఎక్కువ. 'భారతదేశంలో ఇది అరుదు' అనే మాట కోహిమాలో చెల్లదు.

ఇక కారణాల వేట. ఇది ఆఫ్రికాలో మొదలైంది. ఉగాండాలో పనిచేసిన డెనిస్ బర్కిట్ అనే శస్త్రవైద్యుడు అక్కడి పిల్లలకు దవడలలో వచ్చే ఒక వింత కాన్సర్‌ను గుర్తించాడు. 1961 మార్చిలో ఆయన లండన్‌లోని ఒక ఆసుపత్రిలో దాని గురించి ఉపన్యసించాడు. శ్రోతలలో ఉన్న ఆంటొనీ ఎప్‌స్టీన్ అనే శాస్త్రజ్ఞునికి దీని వెనుక ఏదో వైరస్ ఉండవచ్చుననే ఆలోచన తట్టింది. అప్పటి నుండి కంపాలా నగరం నుండి కణితి ముక్కలు విమానంలో లండన్‌కు రావడం మొదలైంది. రెండేళ్లకు పైగా ఎంత వెతికినా ఏమీ దొరకలేదు. 1963 డిసెంబరులో ఒకనాడు లండన్‌లో దట్టమైన పొగమంచు కమ్మింది. విమానాన్ని మాంచెస్టర్‌కు మళ్లించారు. ముక్క చేతికి వచ్చేసరికి ఆలస్యమైంది. దానిని ఉంచిన ద్రవం కలకబారి ఉంది. పాడైపోయిందని ఎవరైనా పారవేసేవారే. ఎప్‌స్టీన్ ఆ ద్రవపు చుక్కను సూక్ష్మదర్శిని కింద పెట్టి చూశాడు. కలకకు కారణం సూక్ష్మజీవులు కావు. కణితి నుండి విడివడిన కణాలు బతికే ఉండి ద్రవంలో తేలుతున్నాయి! ఆ కణాలను పెంచగా, 1964 ఆరంభంలో వాటిలో వైరస్ కనిపించింది. ఎప్‌స్టీన్‌తో పాటు ఈ పని చేసినవారు ఐర్లండులో పుట్టిన ఇవాన్ బార్, ట్రినిడాడ్‌లో పుట్టిన బర్ట్ అచాంగ్. మొదటి ఇద్దరి పేర్లతో అది ఎప్‌స్టీన్-బార్ వైరస్ అయింది. మనిషిలో కాన్సర్‌తో సంబంధమున్నట్లు తెలిసిన మొదటి వైరస్ ఇదే. అచాంగ్ పేరు వైరస్ పేరులో చేరకపోవడం కొంచెం అన్యాయంగానే తోస్తుంది.

తరువాత అనుకోని మలుపు వచ్చింది. 1966లో కొందరు శాస్త్రజ్ఞులు నాసాగ్రసని కాన్సర్ రోగుల రక్తాన్ని పరీక్షించినప్పుడు ఇదే వైరస్‌కు సంబంధించిన ప్రతిరక్షకాలు బయటపడ్డాయి. 1970లో కణితి ముక్కలలోనే వైరస్ డి.ఎన్.ఏ. దొరికింది. 1986లో మరొక సంగతి తెలిసింది. ఒక కణితిలోని వైరస్‌లన్నీ ఒకే ఒక్క వైరస్ నుండి వచ్చిన నకళ్లు. అంటే కణితి పెరిగిన తరువాత వైరస్ వచ్చి చేరలేదు. మొదటి కణం దారి తప్పే నాటికే అది అందులో ఉంది.

కారణం దొరికినట్లేనా? ఇక్కడే చిక్కు వచ్చింది. ఈ వైరస్ దక్షిణ చైనాకే పరిమితం కాదు. ప్రపంచంలోని పెద్దవారిలో నూటికి తొంభైమందికి పైగా దీనిని శరీరంలో మోస్తున్నారు. ఇది ఉమ్మి ద్వారా సోకుతుంది. మన దేశంలో ఎక్కువగా పసితనంలోనే వచ్చి, మామూలు జ్వరంలాగా వచ్చిపోయి, జీవితాంతం కిమ్మనకుండా పడి ఉంటుంది. ఈ పాఠం చదువుతున్న మీలో చాలామందిలో, రాసిన మాలో కూడా అది ఉండే ఉంటుంది. దానికి భయపడనక్కర లేదు. రోగిని తాకినందువల్ల, కలిసి భోజనం చేసినందువల్ల ఈ కాన్సర్ అంటుకోదు. వైరస్ పటం గీస్తే భూగోళమంతా ఒకే రంగు. వ్యాధి పటం గీస్తే అక్కడక్కడ మచ్చలు. రెండు పటాలూ కలవవు. కాబట్టి వైరస్‌కు తోడు మరేదో ఉండాలి.

ఆ తోడు గాలిలోనో నీటిలోనో ఉందా, రక్తసంబంధంలో ఉందా, వంటింట్లో ఉందా? దీనికి వలసపోయిన వారి కథలే దారి చూపాయి. మీ తాతముత్తాతలు తెలుగునేల విడిచి బళ్లారికో, హోసూరుకో, బరంపురానికో, షోలాపూరుకో చేరి ఎన్నో తరాలు గడిచాయి. అయినా ఇంట్లో మాట తెలుగే. పచ్చళ్ల జాడీలోనూ పాత రుచి పోలేదు. అయితే కొన్ని అలవాట్లు మారిపోయాయి. వలసలో మనిషి తనతో తీసుకుపోయేవీ, విడిచిపెట్టేవీ రెండూ ఉంటాయి. వీటిని విడదీసి చూడగలిగితే వ్యాధి కారణం తెలుస్తుంది.

మలేషియాను చూడండి. అక్కడ మలయ్‌లు, చైనీయులు, భారతీయులు ఒకే దేశంలో, ఒకే ఎండలో, ఒకే వానలో ఉన్నారు. ఈ కాన్సర్ చైనీయులలో ఎక్కువ, మలయ్‌లలో తక్కువ, భారతీయులలో ఇంకా తక్కువ. ఆ భారతీయులలో రబ్బరు, కొబ్బరి తోటల పనికి వందేళ్లకు పూర్వమే ఓడలెక్కి వెళ్లిన తెలుగువారి సంతతి కూడా ఉంది. పక్కపక్క వీధులలో ఇన్నేళ్లు బతికినా లెక్కలు కలవలేదంటే కారణం గాలిలోనూ నీటిలోనూ లేదన్నమాట. పొరుగున ఉన్న సింగపూరులో చైనీయులలోనే తేడా కనిపించింది. కాంటొనీస్ మాట్లాడేవారిలో ఎక్కువ, హొక్కియెన్ మాట్లాడేవారిలో తక్కువ. భాషకూ కాన్సర్‌కూ ఏమి సంబంధం అనిపించవచ్చు. సంబంధం లేదు. కాని భాష వారి పూర్వుల ఊరిని తెలుపుతుంది. ఊరు వారి వంశాన్ని, వంటను తెలుపుతుంది.

వంశమా, వంటా? కాలిఫోర్నియాకు వెళ్లిన చైనీయులు దీనికి కొంత సమాధానమిచ్చారు. పందొమ్మిదవ శతాబ్దం మధ్యలో బంగారు గనుల కోసం, తరువాత రైలుమార్గాల పని కోసం అమెరికాకు పోయిన చైనీయులలో ఎక్కువమంది గ్వాంగ్‌డాంగ్ వారే. చైనాలో పుట్టి అమెరికాకు వచ్చినవారిలో ఈ వ్యాధి ఎక్కువ. అమెరికాలోనే పుట్టిన వారి సంతానంలో తగ్గింది. రక్తం మారలేదు కదా, మరి తగ్గడమేమిటి? బతికే తీరు, తినే తిండి మారినందువల్ల. అయితే తగ్గిన తరువాత కూడా పొరుగున ఉన్న తెల్లవారికంటే ఎక్కువే. అంటే వంశానికీ కొంత పాలు ఉంది. తల్లిదండ్రులలోనో, తోబుట్టువులలోనో ఒకరికి ఈ కాన్సర్ ఉంటే తక్కినవారికి వచ్చే అవకాశం నాలుగు నుండి పది రెట్లు పెరుగుతుందని పరిశోధనలు చెప్పాయి. మన కణాల పైన గుర్తింపు బిళ్లల వంటి ప్రోటీనులు ఉంటాయి. లోపల వైరస్ ఉన్న కణాన్ని శరీరపు కాపలాదారులు వీటిని చూసే పట్టుకుంటారు. ఈ బిళ్లలలో కొన్ని రకాలు వారసత్వంగా వచ్చినవారిలో ఈ వ్యాధి ఎక్కువని తేలింది.

ఇక వంటింటి సంగతి. ఇందాక గుర్తు పెట్టుకోమన్న పడవవాసుల దగ్గరకు వద్దాం. హాంకాంగ్‌లో రేడియేషన్ వైద్యుడైన జాన్ హో తన దగ్గరకు వచ్చే రోగులలో వీరు ఎక్కువగా ఉండడం గమనించాడు. వారు ఏమి తింటారు? నీటి మీద బతికేవారికి కూరగాయలు, పండ్లు తక్కువ. అన్నంలోకి ఉప్పుచేప. కాంటొనీస్ పద్ధతిలో కొన్ని రకాల చేపలను పట్టిన వెంటనే ఉప్పులో వేయరు. కొంత మెత్తబడనిచ్చి, ఆ తరువాత ఊరవేసి ఎండబెడతారు. ఆ వాసనే వారికి ఇంపు. ఇలా చేసినప్పుడు నైట్రోసమీన్లు అనే పదార్థాలు పుడతాయి. ఇవి కాన్సర్ కారకాలు. అంతకంటె ముఖ్యమైన విషయం, పసిపిల్లలకు పాలు మాన్పించే వయసులో జావలో ఈ చేప కలిపి పెట్టడం ఆ సీమలో ఆచారం.

అనుమానం వేరు, రుజువు వేరు. రుజువు కోసం హాంకాంగ్‌లో చేసిన ఒక పరిశోధన 1986లో వెలువడింది. ముప్పై అయిదేళ్లలోపు రోగులను, వారి ఈడు ఆరోగ్యవంతులైన స్నేహితులను తీసుకుని, చిన్ననాడు ఎవరు ఏమి తిన్నారో అడిగారు. వీలైన చోట తల్లులను కూడా అడిగారు. బిడ్డకు మొదటి ముద్దలో ఏమి కలిపి పెట్టిందో తల్లికి కాక ఎవరికి గుర్తుంటుంది? పసితనంలో ఉప్పుచేప తిన్నవారు రోగులలోనే ఎక్కువగా తేలారు. ఎలుకలకు ఆ చేప పెట్టి చూసినప్పుడు వాటిలో కొన్నింటికి ముక్కులోపల కణితులు వచ్చాయి. ఈ ఆధారాలన్నీ పరిశీలించి అంతర్జాతీయ కాన్సర్ పరిశోధన సంస్థ 1993లో చైనా పద్ధతి ఉప్పుచేపను మనుషులకు కాన్సర్ కలిగించే వాటి జాబితాలో చేర్చింది. 1997లో ఎప్‌స్టీన్-బార్ వైరస్ కూడా ఆ జాబితాకెక్కింది.

యానాంలోను, గంజాం తీరంలోను చదువుకునే పిల్లలు ఇక్కడ ఉలిక్కిపడవచ్చు. మన ఇళ్లలోనూ ఎండుచేపలు వండుకుంటాము కదా! ఆ సంస్థ చైనా పద్ధతి ఉప్పుచేపను, ఇతర ఉప్పుచేపలను వేరు చేసి చూసింది. ఇతర ఉప్పుచేపల విషయంలో తీర్పు చెప్పడానికి చాలినంత ఆధారం లేదన్నది. మన తీరంలో ఈ కాన్సర్ అరుదనే సంగతి పైన చూశాము. నిజానికి మన తీరానికి వేరే కథ ఉంది. శ్రీకాకుళం, విశాఖపట్నం ప్రాంతాలలోను, వాటిని ఆనుకుని ఉన్న ఒడిశా ఊళ్లలోను పెద్ద వయసు ఆడవారు కొందరు చుట్టను నిప్పు నోటి లోపల ఉండేలా పెట్టి కాలుస్తారు. దీనిని అడ్డపొగ అంటారు. దానివల్ల అంగిలికి కాన్సర్ వస్తుంది. అంగిలికి ఇవతలి వైపు మన సమస్య, అవతలి వైపు కాంటన్ సమస్య. రెండింటిలోనూ చోటుతో, అలవాటుతో ముడిపడిన వ్యాధే.

మిగతా మచ్చలలో ఏముంది? ఉత్తర ఆఫ్రికాలో నిలవ చేసిన మాంసం, కారం వేసి ఊరబెట్టిన పదార్థాలు, పాతబడిన కొవ్వు మీద అనుమానం ఉంది. ఇన్యుయిట్‌లకు ఎండబెట్టిన చేప, మాంసం పాత ఆహారం. నాగాలాండ్‌లో పొయ్యి పైన వేలాడదీసి పొగబెట్టిన మాంసం, పొగగొట్టం లేని వంటిళ్లు పరిశోధకుల దృష్టిలో ఉన్నాయి. ఇవేవీ ఉప్పుచేప అంత గట్టిగా రుజువు కాలేదు.

కథ అక్కడితో ముగియలేదు. దక్షిణ చైనాలో ఇటీవలి పరిశోధనలు పెద్దయ్యాక ఉప్పుచేప తినడానికీ, ఈ వ్యాధికీ సంబంధం అంత బలంగా లేదని చూపాయి. 2019లో మరొక విషయం వెలుగులోకి వచ్చింది. ఎప్‌స్టీన్-బార్ వైరస్ అంతటా ఉన్నా అంతటా ఒకే రూపంలో లేదు. దక్షిణ చైనాలో తిరిగే కొన్ని రూపాలు ఎక్కువ ప్రమాదకరమైనవి. అక్కడి వ్యాధిలో పెద్ద భాగానికి అవే కారణం కావచ్చునని ఆ పరిశోధకులు లెక్కగట్టారు. వైరస్ పటం భూగోళమంతా ఒకే రంగు అని ఇందాక అన్నాము. ఆ మాటను కొంత సవరించుకోవలసి వచ్చింది.

ఏమైనా కదిలిన అంకెలు కొన్ని ఉన్నాయి. హాంకాంగ్ పురుషులలో 1980-84 మధ్య లక్షకు 28.5 ఉన్న రేటు 1995-99 నాటికి 20.2కు దిగింది. ఆ తరువాత కూడా తగ్గుతూనే వచ్చింది. వైద్యులు వచ్చి చేసిన మార్పు కాదిది. ఇంట్లో రిఫ్రిజిరేటర్ వచ్చింది, తాజా కూరగాయలు అందాయి, పసివారి జావలో నుండి ఉప్పుచేప తొలగింది.

వైద్యులు చేసిన పని వేరే ఉంది. గ్వాంగ్షీలోని వూజౌ ప్రాంతంలో జెంగ్ యీ అనే చైనా శాస్త్రజ్ఞుడు 1970ల చివర లక్షమందికి పైగా ప్రజల రక్తం తీయించి, వైరస్ ప్రతిరక్షకాల కోసం వెతికించాడు. ఏ బాధా లేనివారిలో కూడా కొందరికి తొలి దశలో కాన్సర్ దొరికింది. హాంకాంగ్ వైద్యులు ఇదే దారిలో మరింత ముందుకు పోయి, రక్తంలో వైరస్ డి.ఎన్.ఏ. తునకలను పట్టే పరీక్షను రూపొందించారు. 40 నుండి 62 ఏళ్ల మధ్య వయసున్న 20,174 మంది పురుషులకు ఆ పరీక్ష చేశారు. వారెవరికీ ఏ జబ్బు లక్షణమూ లేదు. రెండుసార్లు పరీక్షించినా తునకలు కనిపించినవారు 309 మంది. వారికి ముక్కు వెనుక భాగం లోతుగా పరీక్షించగా 34 మందిలో కాన్సర్ బయటపడింది. వారిలో నూటికి 71 మందికి తొలి దశలలోనే ఉంది. అంతకు ముందు మామూలుగా ఆసుపత్రికి వచ్చే రోగులలో అలా తొలి దశలో దొరికేవారు నూటికి 20 మందే. ఈ ఫలితాలు 2017లో వెలువడ్డాయి.

ఇదే పరీక్ష బెంగుళూరులో ఇరవై వేలమందికి చేస్తే? వ్యాధి లక్షకు ఒకరికి కూడా రాని చోట ఒక్క రోగి కూడా దొరకకపోవచ్చు. తునకలు కనిపించిన కొన్ని వందలమందిని మాత్రం నిష్కారణంగా భయపెట్టినట్లవుతుంది. అందువల్ల పరీక్ష ఎంత మంచిదైనా పటం చూసుకునే వాడాలి.

బెంగుళూరు, చెన్నై, హైదరాబాదు నగరాలకు నేడు నాగాలాండ్, మణిపూర్‌ల నుండి వేలాదిమంది యువకులు చదువు కోసం, ఉద్యోగం కోసం వస్తున్నారు. వారిలో ఒకడు మెడలో గడ్డతో ఆసుపత్రికి వస్తాడు. మన ప్రాంతంలో మెడ గడ్డ అనగానే వైద్యునికి ముందుగా తట్టేది క్షయ. అది సహజమే, ఇక్కడ క్షయ వల్ల వచ్చే గడ్డలే ఎక్కువ. గడ్డను పరీక్షించకుండా క్షయ మందులు మొదలుపెడితే నెలలు గడిచిపోతాయి. అందుకే అనుభవమున్న వైద్యుడు మందు చీటీ రాయకముందే ఆ కుర్రవానిని 'మీది ఏ ఊరు? మీ ఇంట్లో ఎవరికైనా ఇటువంటిది వచ్చిందా?' అని అడుగుతాడు. కోహిమా అన్న జవాబు వినగానే దీపం, సన్నని గొట్టం తీసుకుని ముక్కు వెనుక చూస్తాడు.